నర్మద తొలి పేషెంటు

నర్మద తలుపు సందులోంచి తొంగి చూసింది. పేషెంటు అప్పుడే వచ్చి కూర్చుంది, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని.

నారాయణగూడలోని ఆ కాలేజీలో న్యూట్రిషన్ డిగ్రీ చివరి ఏడాది పిల్లలకు అదో పరీక్ష. ఎప్పుడో చదివి వెళ్లిన పాత విద్యార్థిని ఒకావిడ వచ్చి పేషెంటుగా నటిస్తుంది. ఏం తినాలో, ఎలా తినాలో ఆమెకు చెప్పి ఒప్పించాలి. గదిలో టీచర్లెవరూ ఉండరు, మార్కులు వేసేదీ ఆమే. మధ్యలో ఏం జరిగినా ఆమె వేషం మాత్రం వదలదని సీనియర్లు ముందే హెచ్చరించారు. ఈసారి వచ్చేది మంజుల గారట. నర్మద ఆమెను ఎన్నడూ చూడలేదు.

నర్మదకు చదువులో తిరుగులేదు. చిక్కంతా మనుషులతోనే. పోయిన నెల ఆస్పత్రిలో ఒక ముసలాయన ముందు నిలబడగానే నోరు ఎండిపోయింది. ఏం తినాలమ్మా అని అడిగీ అడిగీ, ఆయనే జాలిపడి ఆమెకు మంచినీళ్లిచ్చాడు. మనిషిని చూస్తే మాట రానివాళ్లు డైటీషియన్లు కాలేరని అనసూయ మేడం ఆ రోజే తేల్చేశారు. ఇవాళ గట్టెక్కకపోతే ఇంటర్న్‌షిప్ లేదు.

నాటకమే కదా, భయమెందుకు అని తనకు తాను నచ్చజెప్పుకుని లోపలికి నడిచింది.

పేరడిగితే రామమ్మ అంది. పాలమూరు నుంచి వచ్చిందట. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ మీద కొత్త అంతస్తు వేస్తుంటే ఇటుకలు మోస్తోందట. షుగర్ ఉందని తేలితే, తిండి సంగతి ఇక్కడ చెప్తారని బస్తీ దవాఖానా డాక్టరమ్మ పంపిందట. మంజుల గారు బాగానే తయారై వచ్చారే అని నర్మద లోలోపల మెచ్చుకుంది. యాస అచ్చం తన అమ్మమ్మదే. దాంతో పుస్తకం భాష ఎటో పోయి, ఇంటి మాట దానంతటదే వచ్చేసింది.

"బువ్వ మానేయమంటె నాతోని కాదు బిడ్డ. ఇటుకలెట్ల మొయ్యాలె?"

"మానుమని ఎవరన్నరు పెద్దమ్మ? బువ్వ జర తగ్గియ్యి, పప్పు, ఆకుకూర పెంచు. రాత్రికి జొన్నరొట్టె చేస్కో."

చాయ్‌లో చక్కెర దగ్గర రామమ్మ చాలాసేపు మాట దాటేసింది. నర్మద వదల్లేదు. నవ్వుతూనే బతిమాలింది, బెదిరించింది, చివరికి ఒక్క చెంచా దగ్గర బేరం కుదిర్చింది. అప్పుడు రామమ్మ కళ్లు చికిలించి చూసింది.

"మరి నువ్వేం తిన్నవ్ పొద్దుగాల?"

నర్మద గతుక్కుమంది. ఇది పరీక్షలో మెలికే. అబద్ధం చెప్తే మార్కులు పోతాయి, నిజం చెప్తే పరువు పోతుంది. తలొంచుకుని, మిర్చిబజ్జి అంది. రామమ్మ పొట్ట పట్టుకుని నవ్వి, సంచిలోంచి జామకాయ తీసి చేతిలో పెట్టింది. పేషెంట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదని పాఠంలో ఉంది. అయినా కాదనబుద్ధి కాక నర్మద అక్కడే కొరికింది. ఒక మనిషి ఎదురుగా ఇంత హాయిగా కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు.

చెప్పినట్టే తింటానని, వచ్చే వారం మళ్లీ వచ్చి కనపడతానని రామమ్మ మాటిచ్చి మెట్లు దిగి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు కూడా వేషం వదల్లేదు మహాతల్లి అనుకుంది నర్మద.

వరండాలో అనసూయ మేడం ఫోను చెవిన పెట్టుకుని చిరాగ్గా పచార్లు చేస్తున్నారు. నర్మద పరుగున వెళ్లింది. మాట ఒక్కసారి కూడా తడబడలేదని, పేషెంటు అన్నింటికీ ఒప్పుకుందని, తన పరీక్ష అయిపోయిందని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

మేడం ఫోను దించి ఆమెను వింతగా చూశారు.

"మంజుల ఇంకా చిక్కడపల్లి ట్రాఫిక్‌లనే ఉన్నది నర్మద."