రెండు రంగులూ పట్టిన గడ్డ

“శుభవార్త, పెళ్లికూతురా! ఆఖరి రంగు కూడా పట్టింది,” అంటూ టెక్నీషియన్ స్లైడు తెచ్చి మైక్రోస్కోపు పక్కన పెట్టాడు. పెళ్లయి రెండు నెలలు దాటినా ఆ ల్యాబులో డాక్టరమ్మకి ఇంకా అదే పేరు. ఆమెకీ అది ముద్దుగానే ఉంది.

ఆమె ఆత్రంగా కళ్లు ఆనించింది. గులాబి రంగు పెద్ద పెద్ద కణాలు, వాటి మధ్య చాప నేసినట్టు వరసలుగా నారపోగులు. ఇన్నాళ్లూ ఆమె బుర్ర తినేసిన లివరు క్యాన్సరు గడ్డ ముక్క ఇదే. వేరే ఆసుపత్రిలో సూదితో తీసి, రెండో అభిప్రాయం కోసం ఇక్కడికి పంపారు. పేరు ఉండదు, ఆ ల్యాబుకి ఎవరైనా ఒక నంబరే. కుర్రవాడు, తాగుడు లేదు, మిగతా లివరు శుభ్రంగా ఉంది అని మాత్రం చీటీలో రాసి ఉంది.

లివరు కణాలకి పట్టే రంగు వేస్తే పట్టింది. సరే అనుకుని పిత్తనాళాలకి పట్టే రంగు వేస్తే, అదీ పట్టింది! ఒకే పిల్లాడు ఇద్దరు మగవాళ్లని చూసి ‘నాన్నా’ అన్నట్టు. అప్పట్నుంచీ ఆమెకి తిండి సయించడం లేదు.

“ఏం తేల్చావు, రంగులమ్మా?”

రెండు టీ కప్పులతో గుమ్మంలో ఆమె మొగుడు. కింది అంతస్తులో స్కానులు చూసే డాక్టరు.

“రోజుకి నాలుగుసార్లు ఇదే ప్రశ్న! నీ కేసు కూడా కాదు కదా.”

“స్కాను చూశానుగా. ఒక్కటే గడ్డ, బయటికి పాకలేదు. మా చీఫ్ పిత్తనాళం రకమే అన్నాడు. నేను కాదన్నాను.”

“ఓహో, పందెమా? ఎంత?”

“పెద్దదే.”

ఆమె పకపకా నవ్వి అతని డొక్కలో వేలితో పొడిచింది. అతను అబ్బా అని పక్కకి వంగాడు.

“కాన్ఫరెన్సుకెళ్లినప్పుడు బల్ల అంచు తగిలిందన్నానా! ఇంకా తగ్గలేదు.”

“సుకుమారుడివి! సరే, ముందు నా పరీక్ష పాసవ్వు. పిత్తనాళం రకమైతే?”

“చప్పుడు లేకుండా పాకుతుంది. కనపడేసరికి చాలామందికి కోసే అదును దాటిపోతుంది. కోసినా తిరగబెడుతుంది.”

“లివరు కణాల మామూలు రకం?”

“ఎక్కువగా చెడిపోయిన లివరులోనే పుడుతుంది. గడ్డ చిన్నదైనా కోత తట్టుకునే ఓపిక లివరుకి ఉండదు. ఒక్కోసారి లివరే మార్చాలి.”

గడగడా అప్పజెప్పాడు. ఫొటోలు చూసే మనిషికి ఇవన్నీ ఇలా కంఠతా ఎప్పుడొచ్చాయో ఆమెకి అంతుపట్టలేదు.

“ఇది ఆ రెండూ కాదు,” అంది గొప్పగా. “అరుదైన మూడో రకం. లివరు కణాలదే, కానీ మంచి లివరులో, కుర్రవాళ్లకి వస్తుంది. పిత్తనాళాల రంగు కూడా పూసుకుని మనల్ని ఏమారుస్తుంది. ఈ ఆఖరి రంగుతో దొరికిపోయింది దొంగ!”

“అంటే?” అతను కప్పులు బల్ల మీద పెట్టేశాడు.

“ఒక్కటే గడ్డ, బయటికి పాకలేదన్నావుగా? మొత్తం కోసి తీసేయొచ్చు. మిగిలిన లివరు మళ్లీ పెరుగుతుంది. తిరగబెట్టే భయం లేకపోలేదు, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. కానీ ఆ పిత్తనాళం రకం కంటే ఆశ చాలా ఎక్కువ.”

అతను స్టూలు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో ఆమెకి తెలియలేదు.

“పందెం గెలిచినవాడివి, ఇదేం వేషం? పార్టీ ఎప్పుడు?”

“ఇస్తాలే.”

“పాపం, అతని ఇంట్లోవాళ్లకి తెలుసా?”

“తెలీదు. రకం తేలకముందే హడలగొట్టడం ఎందుకని చెప్పలేదు.”

“మొద్దావతారం! కనిపిస్తే చివాట్లు పెడతాను.”

“పెడుదువుగాని.” అతను కళ్లు తుడుచుకున్నాడు. “రేపు ఇద్దరం సెలవు పెడదాం. పొద్దున్నే సర్జన్‌ని కలిసి ఆపరేషను రోజు ఖాయం చేసుకోవాలి. నువ్వూ రావాలి.”

“నేనెందుకు?” ఆమె తికమకగా చూసింది. “రావాల్సింది పేషెంటు ఇంట్లోవాళ్లు కదా!”

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నా ఇంట్లోవాళ్లంటే నువ్వేగా.”