మూడడుగుల మొద్దు

"సార్, ఆ మొద్దు తీసేశాను," అంది కొత్తమ్మాయి, కొండను పిండి కొట్టినంత గర్వంగా.

సర్వేయరు కాగితాల్లోంచి తలెత్తలేదు. "ఏ మొద్దు?"

"నది ఒడ్డుది సార్. మొదటేడు స్కానులో ఉందే, మూడడుగుల మొద్దు. నిన్న మీరు సెలవులో ఉన్నారు కదా."

"మూడడుగుల రెండంగుళాలు," అన్నాడాయన.

ఏటా వేసవిలో లేజరు యంత్రంతో నది ఒడ్లను చుక్కలు చుక్కలుగా కొలిచి, మొదటేడు కొలత మీద కొత్త కొలత పరిచి, నీళ్లు ఎక్కడ ఎంత మట్టి కోసుకుపోయాయో తేల్చడం ఆ ఆఫీసు పని. పొదలు, పడవలు, పశువులు, నేల కానిదల్లా ముందే ఏరి పారేయాలి. ఆ ఒక్క మొద్దును మాత్రం సర్వేయరు ఆరేళ్లుగా ఎవర్నీ ముట్టనివ్వలేదు. దానివల్ల అక్కడ కోత ఎక్కువ తేలి, పైఆఫీసు రిపోర్టును రెండుసార్లు తిప్పికొట్టింది. మూడోసారీ తిరిగొస్తే కొత్తమ్మాయి ఉద్యోగం ఊడినట్టే. ఇంట్లో తినే నోళ్లు నాలుగు, సంపాదించే చెయ్యి ఒకటి. మరి ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది?

"పాత ఫైలుందా?"

"లేదు సార్. మళ్లీ కలగాపులగం అవుతుందని అన్ని చోట్లా చెరిపేశాను. ఇప్పుడు లెక్క అంగుళం తేడా లేదు."

ఆయన మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. కళ్లద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"తప్పు చేశానా సార్?"

"లేదమ్మా. పని అలాగే చెయ్యాలి. నేనే ఎప్పుడో చేసుండాల్సింది."

సంతకం పెట్టాడు. ఈ అమ్మాయి ఉద్యోగం ఖాయం చెయ్యమని కింద రెండు ముక్కలు కూడా రాశాడు. ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

రోజూ ఇంటికెళ్లే ముందు ఆ పాత స్కాను తెరిచి పది నిమిషాలు చూసుకోవడం ఆయనకు అలవాటు. చాదస్తమని ఆఫీసంతా నవ్వుకునేది. ఆ సాయంత్రం కంప్యూటరు ముందు ఊరికే కూర్చుని, సంచీ కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

"ఒక్క మొద్దుకి ఇంత బాధా?" అంది కొత్తమ్మాయి అటెండరుతో. "ఆ గట్టే మొదటేడు వరదకి కొట్టుకుపోయింది కదా బాబాయ్."

మొదటేడు ఆ యంత్రాన్ని ఒడ్డుదాకా మోసింది అతనే. సార్ మరిచిపోయిన సంచీ తీసి భుజాన వేసుకున్నాడు.

"మొద్దు కాదమ్మా అది, కొలిచేటప్పుడు అక్కడ నిలబడి, తర్వాత గట్టుతో పాటు పోయిన సార్ వాళ్ల పాప."