బూంది బీమా

కుక్కల మెడపట్టీలు వాటి ఒంట్లో సంగతులన్నీ ఎప్పటికప్పుడు బీమా కంపెనీకి చెబుతాయి. ఇంటి అన్నం ఒక్క ముద్ద పెట్టినా ఆ నెల ప్రీమియం పెరుగుతుంది. అందుకే పైడమ్మ నాలుగేళ్లుగా తన కుక్క బూందికి కంపెనీ తిండి గుళికలే పెడుతోంది. ఈ బీమా దండగని భర్త అప్పలనాయుడు నెలనెలా గొణుగుతూనే ఉన్నాడు.

ఈ ఉదయం కంపెనీ పాలసీ రద్దు చేసి, కట్టిన డబ్బంతా వెనక్కి వేసింది. కారణం చెప్పలేదు.

"పోన్లే, పీడా పోయింది," అన్నాడతను ఫోను చూసుకుంటూ.

"అడక్కుండా డబ్బులెనక్కి ఇచ్చినారంటే, దీనికేదో జబ్బు రాబోతోందని ఆళ్లకి తెలిసిపోనాదయ్యా," అంది పైడమ్మ.

గుమ్మంలో బూంది రోజూలాగే తోకాడిస్తోంది.

పైడమ్మ దాని మెడపట్టీ విప్పేసి, తన కంచంలోంచి పెరుగన్నం ముద్ద తీసి పెట్టింది.

రెండో ముద్ద అప్పలనాయుడు కలిపాడు.