ముందు ఊరూ పేరూ

దేవుడు మళ్ళీ నవ్వాడు.

కార్ఖానా యజమాని తియెన్‌ఫూ వంగి, దేవుణ్ణి ప్రశ్న అడిగి వేసిన ఎర్ర చెక్కముక్కలు రెండూ ఏరుకున్నాడు. ఒకటి చదునువైపు, ఒకటి గుండ్రంవైపు పైకి పడితే అవునని. ఇవి రెండూ చదునుగానే పడ్డాయి. అంటే నేలదేవుడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, నవ్వి ఊరుకున్నాడు.

"పొద్దున్నుంచీ ఇదే వరస," అన్నాడు అగరుబత్తి సరిచేస్తూ. "నీ మిషను సంగతి ఎత్తితే చాలు, ఆయనకి నవ్వులాటగా ఉంది."

పేయ్‌చెన్ తలెత్తలేదు. సైకిల్ భాగాలు చేసే ఆ థాయ్‌చుంగ్ నగరపు కార్ఖానాలో, దేవుడి గూటికి ఎదురుగా, ఆమె తెచ్చి పెట్టిన కొత్త లేత్ మిషను ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది. ఆమే, ఆమె స్నేహితురాలూ కలిసి పెట్టిన కంపెనీకి ఇదే తొలి బేరం. ఇది గనక తిరిగొస్తే కంపెనీకి తాళం వేసుకోవడమే.

తెరమీద ఎర్రక్షరాలు కనిపిస్తున్నాయి. 'పట్టు' అంటే ఏమిటో తెలియదట.

"మా షాపులో బ్రహ్మాండంగా తిరిగింది బాబాయ్."

"పెళ్ళికి ముందు మా అల్లుడూ బ్రహ్మాండంగానే పనిచేశాడు."

పేయ్‌చెన్‌కి నవ్వొచ్చింది గానీ వేళ్ళు ఆగలేదు. ప్రోగ్రాం మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చి ఒకచోట టక్కున ఆగింది. ఓసి నా తెలివి తెల్లారా అనుకుంది.

"దొరికింది బాబాయ్. తప్పు నాదే, ఇప్పుడే సరిచేస్తాను."

"ఏమిటట?"

"ఈ ప్రోగ్రాం కడుపులో ఒక దుబాసీ ఉన్నాడు. మీవాళ్ళు రాసిచ్చిన స్క్రిప్టు చదివి లేత్‌కి చెప్పేది వాడే. నిద్రలేచేసరికి వాడికి భాష వచ్చు గానీ మన పనిమాటలు రావు. పట్టు, తిప్పు, కోయి, ఇవన్నీ ముందు మనం నేర్పాలి. అప్పుడు స్క్రిప్టు చేతికివ్వాలి. నేనేమో వాడు కళ్ళు తెరవగానే స్క్రిప్టు మొహాన కొట్టి, మాటలు తర్వాత తీరిగ్గా నేర్పుతున్నాను."

"మరి మీ షాపులో ఎలా తిరిగింది?"

"అక్కడ అంతా లేచి కూర్చున్నాక స్క్రిప్టు నేనే చేత్తో ఇచ్చేదాన్ని. మీరేమో మీట నొక్కగానే అన్నీ వాటంతటవే జరిగిపోవాలన్నారు."

మాటలు నేర్పే వరసల్ని స్క్రిప్టు వరసకి పైకి జరిపి, మీట నొక్కింది. లేత్ ఒళ్ళు విరుచుకుని ఇనపకడ్డీని పట్టింది, తిప్పింది, కోసింది. తియెన్‌ఫూ ఆ ముక్క తీసుకుని అంచుమీద బొటనవేలి గోరు పోనిచ్చి చూశాడు. గోరుకి ఎక్కడా గరుకు తగల్లేదు.

"బాగానే కోసింది," అన్నాడు.

"అయితే ఖాయమేగా?"

"ఆయన చెప్పొద్దూ? పెద్దాయన్ని పిలిచి మధ్యలో వదిలేసి పోతామా?"

చెక్కముక్కలు మళ్ళీ వేశాడు. దేవుడు మళ్ళీ నవ్వాడు.

మిషను తిరుగుతున్న ఊపులో ఉందేమో, పేయ్‌చెన్ ఊరుకోలేకపోయింది. "అసలు మీరెలా మొదలుపెడుతున్నారు బాబాయ్?"

"దణ్ణం పెట్టి నేరుగా సంగతి అడుగుతున్నాను. రోజూ మొహం చూసుకునేవాళ్ళమేగా."

"అదే తప్పు. మా అమ్మమ్మ తన పేరు, పుట్టినరోజు, వీధి, ఇంటి నంబరూ చెప్పుకుంటే గానీ అసలు సంగతికి వచ్చేది కాదు. ఎవరు అడుగుతున్నారో తెలియకపోతే ఆయన మాత్రం ఏం చెబుతాడు? మీ జబ్బూ నా దుబాసీ జబ్బూ ఒకటే. ముందు ఊరూ పేరూ, తర్వాత ప్రశ్న."

తియెన్‌ఫూ మొహం చిన్నబోయింది. కార్ఖానా కట్టిన కొత్తలో తనూ అలాగే అడిగేవాడు, చనువు పెరిగి బద్ధకించాడు. గూటి ముందు మోకాళ్ళమీద కూర్చుని, పేరూ పుట్టినరోజూ వీధీ కార్ఖానా నంబరూ పొల్లుపోకుండా అప్పజెప్పి, పెదాలు కదిలిస్తూ ప్రశ్న అడిగి, చెక్కముక్కలు వదిలాడు.

ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా. అవును.

వరసగా మూడుసార్లు పడితేనే ఖాయం. రెండోసారీ అవునే పడింది. మూడోసారి ముక్కలు నేలమీద గిరగిరా తిరుగుతుంటే పేయ్‌చెన్ ముందుకి వంగి చూసింది. అవును.

"చూశారా, వరస సరిచేస్తే దేవుడైనా పలకాల్సిందే," అంది. ఆనందం పట్టలేక అప్పుడే స్నేహితురాలికి ఫోను కలిపేసింది. "మన బేరం ఖాయం. సాయంత్రం మంచి హోటల్లో బల్ల చెప్పి ఉంచు." ఫోను పెట్టేసి, పనిముట్లు సర్దుకుంటూ అడిగింది. "ఇంతకీ ఆయన్ని ఏ మాటలతో అడిగారు బాబాయ్?"

తియెన్‌ఫూ చెక్కముక్కల్ని నెమ్మదిగా గూట్లో పెట్టాడు. ఆమెకేసి చూడలేకపోయాడు.

"ఎత్తుకున్న ప్రశ్న జవాబొచ్చేదాకా మార్చకూడదమ్మా. పొద్దున నీ మిషను మొరాయించినప్పుడు ఎత్తుకున్నదే అడిగాను. దీన్ని వెనక్కి పంపెయ్యనా అని."