బండి మీద నింద

"ఈ బండికి ఆ నూనె మాన్పించు తమ్ముడూ," అంది వ్యాను డ్రైవరు భార్య, మెకానిక్ షెడ్డులోకి వస్తూనే. "హోటల్లో వాడేసిన వంటనూనె తెచ్చి డీజిల్లో కలుపుతున్నారట. పొగంతా వేపుడు వాసనట. ఈయన చొక్కాలు ఎంత ఉతికినా ఆ కంపు వదలడం లేదు."

"ఇప్పుడా గొడవెందుకే," అన్నాడు డ్రైవరు గబుక్కున.

మెకానిక్ తలెత్తకుండా ఫిల్టరు తుడుస్తూనే చెప్పాడు. "ఆ నూనె చలికి గడ్డకట్టి ఫిల్టర్లు మూసుకుపోతుంటే ఎప్పుడో మానేశాం అక్కా. ఇప్పుడు పోసేది ఉత్త డీజిలే."

ఆమె మొగుడి కాలరు పట్టుకుని ఇంకోసారి వాసన చూసింది. అతను టైర్ల వంక చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్లూ నింద మోసిన బండి మాత్రం నోరెత్తలేదు.

"గుండె డాక్టరు వేపుళ్లు వద్దన్నది మిమ్మల్ని," అంది మెల్లగా. "మీరొక్కరే చప్పిడి కూడు తింటే దిగులు పడతారని, ఏడాదిగా నేనూ అదే తింటున్నాను."

"రోజూ కాదే. ఎప్పుడైనా దారిలో కొట్టు దగ్గర ఒక పకోడీ పొట్లం..."

ఆమె వ్యానెక్కి ముందు సీట్లో కూర్చుంది.

"ఆ కొట్టు దగ్గరికి పోనివ్వండి. నేను తింటాను, మీరు వాసన చూద్దురుగాని."