నూట పదేళ్ల తీగల వైన్

ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ ఒక యంత్రం ఉంది, అడిగిన వైన్‌ను క్షణంలో పోస్తుంది. అందుకే మేడ్చల్‌లోని తమ ద్రాక్షతోటను తీసేద్దామని కోడలు లయ పట్టుబట్టింది.

"దీనికి మన వైన్ రుచి నేర్పితే సాలు అత్తమ్మా, ఇంక తీగలెందుకు?"

నూట పదేళ్ల తీగలు ఏటా నాలుగు గంపల పండ్లే ఇస్తాయి. అత్త స్రవంతి వేర్వేరు ఏళ్ల సీసాలు మూడు తెరిచింది. పలుచగా, తేలిగ్గా ఉన్న ఆ ఎర్రటి వైన్‌లను యంత్రం రుచి చూసింది.

"మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. ఏది సరైనది?" అని అది అడిగింది.

"అన్నీ సరైనవే," అంది స్రవంతి. "ఇగో లయా, ఇది మీ లగ్గమైన ఏడుది. ఆ ఏడు వానలే వానలు."

లయ ఒక గుక్క తాగి పకపకా నవ్వింది. "పెండ్లి పందిరంత తడిసి ముద్దయింది కదా!"

నవ్వుతూనే యంత్రాన్ని ఆపేసింది. "తీగలుండనీ అత్తమ్మా, ఈ ఏడుది ఎట్లుంటదో సూద్దాం," అంటూ పెళ్లి ఏటి వైన్ ఇంకొంచెం పోయమని ఖాళీ గ్లాసు చాపింది.