ఖాళీ రోజులు

అమెరికాలో డులూత్ ఊరి క్లినిక్‌లో కీళ్లవాతానికి కొత్త మందు పరీక్షిస్తున్నాం. నేను నర్సుని. ఏ రోజు నొప్పి ఎంతుందో అంకె నొక్కమని ఆర్డిస్ అనే ముసలావిడకి ఎలక్ట్రానిక్ డైరీ ఇచ్చాం. నెలలో పదిహేడు రోజులు ఖాళీగా వదిలేసింది.

“ఇంత బద్ధకమైతే ఎలాగమ్మా? మందు ఆపేస్తారు,” అని అందరి ముందే కసిరాను.

“మరచిపోయాను తల్లీ. ముసలి బుర్ర,” అంది తల దించుకుని.

“సరే, ఇవాళ్టిది నా ముందే నొక్కండి.”

ఆమె చేతి తొడుగు తీసింది. వంకరపోయి బిగుసుకున్న వేళ్లలో ఒక్కటీ సాగలేదు. పిడికిలితో ఒత్తబోతే డైరీ జారి కిందపడింది.

“నొప్పి తగ్గిన రోజు నొక్కుతానమ్మా. మిగతా రోజుల్లో వేళ్లు కదలవు. చెప్పుకోడానికి సిగ్గేసింది.”

డైరీ తీయడానికి వంగినదాన్ని, తల ఎత్తలేకపోయాను. ఆమె నొక్కిన అంకెలే చూసి, మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందని పొద్దునే రిపోర్టు పంపాను.